రంగం పెట్టె

మా బేస్‌మెంట్‌లో, కొన్న రెండో నెల నుంచీ తువ్వాళ్ళు ఆరేసుకోడానికే పనికొస్తున్న ట్రెడ్‌మిల్ పక్కన ఒక చెక్కపెట్టె ఉంది. అడుగు ఎత్తు, అంతకంటే కాస్త ఎక్కువ వెడల్పు. ఒంటినిండా ముతక గుడ్డ, దానిమీద వార్నిష్, పైన తోలు పిడి. స్విచ్చి వేస్తే ఎర్రరాయి లాంటి దీపం వెలుగుతుంది గానీ పెట్టె వెంటనే పలకదు. అరనిమిషం ఆగాలి. ముందు కాలిన దుమ్ము వాసన, తర్వాత సన్నటి గుర్రు, ఆ తర్వాతే గొంతు. చిన్నప్పుడు ఇంట్లో మర్ఫీ రేడియో, బుష్ రేడియో ఉన్నవాళ్ళకి ఈ వరస తెలుసు. వేసిన వెంటనే పని చెయ్యని వస్తువుని ఇంట్లో ఎందుకు ఉంచుకున్నామో మా పిల్లలకి మాత్రం అర్థం కాదు.

మా ఆవిడ దాన్ని "మీ రంగం పెట్టె" అంటుంది.

రంగం అంటే రంగూన్. ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. మా ఉత్తరాంధ్రలో పాతవాళ్ళెవరూ రంగూన్ అనేవారు కాదు, "రంగం పోనాడు" అనేవారు. మా తాతయ్య 1930ల్లో భీమిలి రేవులో స్టీమరెక్కి రంగం వెళ్ళాడు. ఆ డబ్బుతో తిరిగొచ్చి ఏడెకరాల పల్లం కొన్నాడు. ఆ పొలం మా నాన్నని డిగ్రీ దాకా, నన్ను వైజాగ్‌లో ఇంజనీరింగ్ దాకా చదివించింది. ఆఖరి రెండెకరాలు అమ్మితే నా అమెరికా టికెట్టూ, మొదటి సెమిస్టర్ ఫీజూ వచ్చాయి. అంటే నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశానంటే దాని పునాది రంగూన్ రేవులో పడిందన్నమాట. ఈ మాట నేను చాలామందికి గర్వంగా చెప్పుకున్నాను. ఎవరి దగ్గర చెప్పకుండా ఉండాల్సిందో తర్వాత తెలిసింది.

2014లో నన్ను యాంగోన్ పంపించారు. బర్మాలో అప్పుడే టెలిఫోన్ రంగాన్ని విదేశీ కంపెనీలకి తెరిచారు. ఖతార్ వాళ్ళదొకటి, నార్వే వాళ్ళదొకటి లైసెన్సులు తెచ్చుకున్నాయి. ఒకప్పుడు వెయ్యి డాలర్ల పైన పలికిన సిమ్ కార్డుని పదిహేనువందల క్యాట్‌లకి, అంటే డాలరున్నరకి అమ్మబోతున్నారు. (క్యాట్ అని రాస్తారు, చాట్ అని పలుకుతారు. అప్పట్లో వెయ్యి చాట్‌లు అటూ ఇటూగా ఒక డాలరు.) కోట్లమంది ఒక్కసారిగా ఫోన్లు కొంటే వాళ్ళ బిల్లింగ్ లెక్కలు తేడా రాకుండా చూడాలి. ఆ లెక్కల వెనకాల ఉండే సాఫ్ట్‌వేర్ మా పని. క్లయింటు ఒక వెండర్‌కిస్తే, ఆ వెండర్ ఇంకో వెండర్‌కిస్తే, వాడి కింద నేను, నా కింద పదకొండు మంది. ఒక్కో మెట్టు దగ్గరా గంటకి ఇన్ని డాలర్లని కోత. కన్సల్టింగ్‌లో ఉన్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

అక్కడ నాకు మొదట వింతగా తోచింది ట్రాఫిక్కు. 1970 నుంచి బళ్ళు రోడ్డుకి కుడివైపున నడవాలి. కానీ కార్లన్నీ జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్‌వి కాబట్టి స్టీరింగు కూడా కుడివైపే. ఎదురుగా ఏమొస్తోందో డ్రైవరుకి కనపడదు, ముందు సీట్లో కూర్చున్న నాకు కనపడుతుంది. మొదటి వారం నా ప్రాణం అరచేతిలోనే ఉంది.

రెండోది కరెంటు. ఉంటే ఎక్కువ, లేకపోతే బొత్తిగా లేదు. ఇంటి ఓనరు స్టెబిలైజర్ కొనుక్కోమన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, వానలో, అనొరాత రోడ్డు దాటి అంకెల పేర్లున్న ఇరుకు వీధుల్లో ఒకదాంట్లో దూరాను. వరసగా తెల్లదొరల కాలం నాటి ఇళ్ళు, గోడల పగుళ్ళలోంచి రావి మొక్కలు. ఒక మేడమెట్ల కింద, మన కిళ్ళీకొట్టుకి ఎక్కువా షాపుకి తక్కువా అనిపించే గది. స్టెబిలైజర్లు, పాత రేడియోలు, ఫ్యాన్ల మోటార్లు. లోంజీ కట్టుకున్న ముసలాయన ఒకాయన చేతిమిషను మీద ట్రాన్స్‌ఫార్మర్ చుడుతున్నాడు. నేను ఇంగ్లీషులో ఏదో అడగబోతే, ఆగమన్నట్టు వేలు చూపించి చుట్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

"నూట పదారు, నూట పదేడు, నూట పద్దెనిమిది..."

తెలుగులో.

ఎన్ని భాషలు నేర్చినా మనిషి అంకెలు మాత్రం తల్లి భాషలోనే లెక్కపెట్టుకుంటాడట. నూట ఎనభై దాకా నిలబడ్డాను. ఆయన తీగ తెంపి ముడి వేశాక, "ఏ ఊరండీ మీది?" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు.

"ఈ ఊరే బావూ. మా అయ్యది టెక్కలి అవతల. నాను సూడనేదు."

డెబ్భై రెండేళ్ళాయన. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఊరంతా పరిగెత్తిందనీ, ఆయన తల్లికి అప్పుడు ఆరో నెలనీ, అరకాను కొండల మీదుగా నడిచి వెళ్ళలేక ఆగిపోయారనీ చెప్పాడు. ఆ నడకలో అయిదు లక్షల మంది దాకా ఇండియా వైపు కదిలారు, వేలమంది దారిలోనే పోయారు. ఆగిపోవడం వల్లే తను పుట్టానని ఆయన నవ్వాడు. తర్వాత 1964లో నే విన్ ప్రభుత్వం కొట్లన్నీ జాతీయం చేసినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఓడెక్కి వైజాగ్ వెళ్ళిపోయారు, అక్కడ బర్మా క్యాంపులో ఇళ్ళిచ్చారట. ఈయన అప్పటికే కరెన్ పిల్లని చేసుకున్నాడు, వెళ్ళలేదు. తెలుగు చదవడం రాదు. మాట్లాడే తెలుగు మాత్రం, మా నానమ్మ పోయాక నేను మళ్ళీ ఎక్కడా వినని తెలుగు. ఆయన "ఏటి" అన్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డం పడేది.

స్టెబిలైజరు కొన్నాను. డబ్బులిస్తూ, బల్ల కింద రేడియోల గుట్టలో ఆ తోలు పిడి చూశాను.

గిటార్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఇంజనీరింగ్‌లో నాకో గివ్‌సన్ గిటార్ ఉండేది. తీగలు ఫ్రెట్ బోర్డుకి అంత ఎత్తున ఉండేవి, వాయిస్తే వేళ్ళు తెగేవి. "స్మోక్ ఆన్ ద వాటర్" మొదటి నాలుగు ముక్కలు వస్తే హాస్టల్లో హీరో అప్పుడు. అమెరికా వచ్చాక మంచి గిటార్ కొన్నాను గానీ, క్యాసెట్లలో విన్న ఆ బొంగురు గొంతు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది గిటార్‌లో లేదు, వాల్వులో ఉంది.

వాల్వుకి దాని శక్తికి మించి పని చెబితే అది ఒక్కసారిగా తెగదు, మెల్లగా వంగుతుంది. స్వరం అంచులు గుండ్రమవుతాయి, కొంచెం జీర వస్తుంది, గట్టిగా మీటితే అరుస్తుంది, మెత్తగా మీటితే మాట్లాడుతుంది. వంద వాట్ల ఆంప్లిఫయర్‌ని అంతదాకా తోయాలంటే ముందు పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు. అయిదు వాట్లదైతే ఇంట్లోనే కుదురుతుంది. అందుకే తెలిసినవాళ్ళు పెద్దవి వదిలి చిన్నవాటి వెంట పడతారు. ఎరిక్ క్లాప్టన్ 1970లో లైలా ఆల్బమ్‌కి వాడింది ఇలాంటి బుల్లిపెట్టెనే. పేరు ఫెండర్ చాంప్. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో తయారయ్యేది. మూడే వాల్వులు, ఎనిమిదంగుళాల స్పీకరు, ఒకటే మీట. ఆ మీట మీద అంకెలు పది దాకా కాదు, పన్నెండు దాకా ఉంటాయి. ఎందుకని అడక్కండి.

అది నా కాళ్ళ దగ్గర ఉంది. యాంగోన్‌లో. చెదలు పట్టకుండా.

గుండె దడదడలాడుతోంది. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, "ఆ పెట్టె ఏమిటి మావయ్యా?" అన్నాను. అప్పటికే మావయ్యా అనేశాను చూడండి.

ఆయన బయటకి లాగి వెనక చెక్క విప్పాడు. లోపల అతికించిన కాగితం మీద రెండు అక్షరాల ముద్ర, జె, ఇ. ఆ కంపెనీ వాళ్ళ లెక్కలో మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. 1960 మే. లోపల ఇంకోచోట, పాతబడి పసుపెక్కిన టేపు ముక్క మీద పెన్సిల్‌తో ఒక ఆడపిల్ల పేరు, సగం చెరిగిపోయి. తీగలు అతికిన పనమ్మాయిలు అలా పేర్లు రాసేవాళ్ళు. సంతకం చేసిన కూలి.

పెట్టెని ఎవరో అమెరికన్ మిషనరీ తెచ్చి ఉంటాడని ఆయన ఊహ. 1966లో మిషనరీలందర్నీ పంపించేసినప్పుడు చర్చిలో వదిలేశాడు. పెట్టె నూటపది వోల్టులది. ఎవడో నేరుగా రెండువందల ముప్ఫైలో పెట్టాడు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అలా ఈ బల్ల మీదకి వచ్చింది. ఈయన ట్రాన్స్‌ఫార్మర్ విప్పి, చుట్లు లెక్కపెట్టి, ఇక్కడి కరెంటుకి సరిపోయేట్టు మళ్ళీ చుట్టాడు. ఒక వాల్వు పోతే దాని బదులు చైనాది పెట్టాడు. "ఇప్పుడు కండెన్సర్లు మార్చాల. ఎండిపోనాయి. రెండు వారాలు టైమియ్యి."

"అమ్ముతారా?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఆ మేడ ఇంకో ఏడాదిలో కూలగొడతారనీ, సామానంతా ఖాళీ చెయ్యాలనీ అన్నాడు. ఆ రోజుల్లో యాంగోన్‌లో స్థలాల రేట్లు అలా ఉన్నాయి. వచ్చే ఆదివారం చెబుతానన్నాడు.

నాకు ఆ వారం నిద్ర లేదు. అమెరికాలో ఆ పెట్టె ఎంత పలుకుతుందో నాకు బాగా తెలుసు. ట్రాన్స్‌ఫార్మర్ అసలుది కాదు కాబట్టి కొంత తగ్గుతుంది. ఎంత తగ్గినా తొమ్మిదొందలు, వెయ్యి డాలర్లు.

ఆదివారం వెళ్తే ఆయన ఒక కాగితం ముందు పెట్టుకున్నాడు. బర్మా అంకెల్లో ఏవో వరసలు. లక్షా యాభై వేల చాట్‌లు అన్నాడు. నూటయాభై డాలర్లు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోడానికి బాగుండదు. నేను బేరమాడాను. లక్షా ఇరవై అన్నాను. అవసరమై కాదు, తక్కువకిస్తున్నాడని తెలియకా కాదు. వెంటనే ఒప్పుకుంటే అనుమానిస్తాడేమోనని. ఆయన కాగితం వైపు చూసి, అడుగున ఉన్న ఒక వరస కొట్టేసి, "సరే బావూ, లక్షా ముప్పై" అన్నాడు.

తర్వాత రెండు నెలలు ప్రతి ఆదివారం అక్కడే. కండెన్సర్లు దొరకలేదని ఒక వారం, జ్వరమని ఒక వారం. నాకూ తొందర లేదు. వీధి చివర టీ దుకాణంలో, పిల్లల కోసం వేసినట్టుండే ప్లాస్టిక్ పీటల మీద కూర్చునేవాళ్ళం. అక్కడ సర్వర్‌ని పిలవాలంటే ముద్దు పెట్టినట్టు పెదాలతో చప్పుడు చెయ్యాలి. నాకు రెండు నెలలు గడిచినా ఆ సిగ్గు పోలేదు, ఆయనే పిలిచేవాడు. ఆయన మనవరాలు, పదిహేడేళ్ళ పిల్ల, బుగ్గలకి చందనంలా తనాకా రాసుకుని వచ్చి కూర్చునేది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మన తనఖా గుర్తొచ్చి నవ్వొచ్చేది. ఆ పిల్లకి తెలుగు రాదు, నాకు బర్మీస్ రాదు.

బల్ల దగ్గర ఆయన పనిచేస్తుంటే చూడ్డం ఒక చదువు. వాల్వుల పెట్టెలో మూడువందల వోల్టుల పైన ఉంటుంది. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో దాక్కుని ఉంటుంది. ముందు దాన్ని దించాలి. తర్వాత కరెంటు పెట్టి చూసేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోవాలని పాతకాలం మెకానిక్కుల నియమం, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. లోంజీకి జేబు ఉండదు కదా. ఆయన ఎడమ చెయ్యి నడుం వెనక్కి మడిచి, గురువు ముందు నిలబడ్డ శిష్యుడిలా వంగి పనిచేసేవాడు.

అలాంటి ఒక ఆదివారమే అడిగాడు. "మీ తాత రంగంలో ఏటి సేసేవోడు బావూ?"

మా తాతయ్య మేస్త్రీ. భీమిలి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, అప్పుల్లో ఉన్నవాళ్ళకి అడ్వాన్సులిచ్చి, స్టీమర్ టికెట్టు కొని, నలభై మందిని ఓడెక్కించి రేవులో పనికి పెట్టేవాడు. అడ్వాన్సు, వడ్డీ, తన వాటా కూలిలోంచి కోసుకునేవాడు. 1942 మొదట్లో ఆయనకి ఓడ టికెట్టు దొరికింది. ఆ నలభై మందీ నడిచారు. ఎంతమంది ఇల్లు చేరారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా.

"రేవులో కూలి మావయ్యా," అన్నాను.

"మా అయ్యా అంతే," అన్నాడాయన. టీ తాగుతూ, ఆ రోజు డబ్బులు తనే ఇచ్చాడు.

పెట్టె తయారైన రోజు మా ఆఫీసులో పనిచేసే బర్మా కుర్రాడొకడిని గిటార్ పట్టుకుని రమ్మన్నాను. అరనిమిషం ఆగాం. దీపం, వాసన, గుర్రు. వాడు మీట తొమ్మిది దాకా తిప్పి ఒక పాట అందుకున్నాడు, బర్మీస్ పాట. రెండో చరణానికి నాకు తెలిసింది, అది నేను హాస్టల్లో నేర్చుకున్న ఇంగ్లీషు పాట. అక్కడ దీన్ని కాపీ తచిన్ అంటారు. బాణీ బయటిది, మాటలు వీళ్ళవి. మనకి కొత్తేమీ కాదు లెండి. కానీ ఆ గొంతు! పాతికేళ్ళు క్యాసెట్లలో వెతికిన జీర, నాలుగడుగుల దూరంలో, తేమ నిండిన గదిలో. నా ఒళ్ళు జలదరించింది.

అంతలో కరెంటు పోయింది. వాల్వుల పెట్టె కదా, కరెంటు పోయినా వెంటనే ఆగదు. మీటిన తీగ రెండు మూడు సెకన్ల పాటు సన్నగిల్లుతూ, సన్నగిల్లుతూ చీకట్లో కలిసిపోయింది. ఎవరం మాట్లాడలేదు.

చీకట్లో ఆయనే అన్నాడు. "ఆ కుర్రాడూ ఇలాగే వాయించీవోడు."

ఏ కుర్రాడు?

అప్పుడు చెప్పాడు. చర్చి నుంచి పెట్టె తెచ్చింది ఇరవై ఏళ్ళ కాలేజీ కుర్రాడు, కరెన్ పిల్లాడు. 1988 జూలైలో. ఆగస్టు మొదటి వారంలో వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆగస్టు 8న ఊళ్ళో జనం రోడ్ల మీదకి వచ్చారు, తర్వాత సైన్యం వచ్చింది, కాల్పులు. కుర్రాడు మళ్ళీ రాలేదు. చచ్చిపోయాడో, అడవిలోకి పోయాడో, థాయిలాండు పోయాడో తెలియదు. చర్చిలో అడిగితే తమకి తెలియదన్నారు. ఆయన మాట్లాడుతూ చీకట్లోనే పెట్టె వెనక తడిమి, దారంతో కట్టిన అట్టముక్క నా చేతిలో పెట్టాడు. రిపేరు చీటీ. ఫోను వెలుగులో చూశాను. బర్మా అక్షరాల్లో ఒక పేరు, తారీకు. ఇరవై ఆరేళ్ళుగా ఆ పెట్టెకి వేలాడుతోంది.

నేను ఆ సాయంత్రం పెట్టె తీసుకురాలేదు. బయల్దేరే ముందు రోజు వస్తానన్నాను.

ఈలోపు కొత్త సిమ్‌లు వచ్చాయి. జనం వరసల్లో నిలబడి కొన్నారు. మా సాఫ్ట్‌వేర్ మొదటి వారం ఒకసారి మొరాయించినా తర్వాత బాగానే నడిచింది. వాళ్ళ మనవరాలి చేతిలో కూడా చైనా ఫోను చూశాను. ఇంటర్నెట్ చూపించి మురిసిపోయింది.

చివరి రోజు వెళ్ళాను. పెట్టెని గోనెసంచిలో కుట్టి ఉంచాడు. లక్షా ముప్పై వేలు లెక్కపెట్టి ఇచ్చాను. సంచి ఎత్తి భుజాన వేసుకున్నాను కూడా. గుమ్మం దాటబోతూ మళ్ళీ దించాను. ఎందుకు దించానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చీటీలో ఆ పేరు నాకు చదవడం వచ్చి ఉంటే ముందే చెప్పేవాణ్ణేమో.

"మావయ్యా, ఇది అమెరికాలో వెయ్యి డాలర్లు చేస్తుంది. నాకు మొదటి రోజునుంచీ తెలుసు."

ఆయన తల ఊపాడు. "తెల్సు బావూ. మా గుంట ఫోన్లో సూసింది. నెల్లాళ్ళయింది."

నా సాఫ్ట్‌వేర్ మీద లెక్కలు కట్టే ఫోను.

"మరి నన్నడగలేదేం?"

"ఏటని అడుగుతాను? పెట్టె నాది కాదు గదా. తీగ, కండెన్సర్లు, వాల్వు, నా కూలి. అంతవరకే నాది. అది రాసుకున్నాను, అదే అడిగేను."

అంటే బేరమాడిన రోజు ఆయన కొట్టేసిన ఆ అడుగు వరస ఏమిటో అప్పుడు తెలిసింది. సామాను ఖర్చు ఎవరూ తగ్గించుకోలేరు. తగ్గేది కూలి ఒక్కటే.

ట్యాక్సీలో గదికి వెళ్ళి, ఉన్న డాలర్లన్నీ తీసుకుని వచ్చాను. ఎనిమిది వంద నోట్లు. "మీకు కాదు. ఆ కుర్రాడికి," అన్నాను. ఆయన కాదనలేదు. ఒక్కో నోటూ బల్లదీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. బర్మాలో ఆ రోజుల్లో డాలరు నోటు పెళ్ళిచీర మడతలా ఉండాలి, ఎక్కడా గీత పడకూడదు, పడితే బ్యాంకువాడు కూడా తీసుకోడు. ఆరు నోట్లు పక్కన పెట్టి, రెండు నాకు తిరిగిచ్చాడు. నా పర్సులో మడిచి పెట్టుకున్నవి.

"ఇవి ఇక్కడ సెల్లవు బావూ."

ఆరు నోట్లూ ఒక కవరులో పెట్టి, పెట్టెకున్న చీటీ విప్పి దానికి కట్టాడు. అలా కడుతూనే, నావైపు చూడకుండా, మామూలుగా అడిగాడు.

"రంగం పోయి ఏడెకరాలు కొన్నోడు కూలోడు ఎలాగవుతాడు బావూ?"

ఏడెకరాల సంగతి మొదటి ఆదివారమే, గొప్పగా, నేనే చెప్పాను. నా దగ్గర జవాబు లేదు. ఆయన కూడా జవాబు కోసం ఆగలేదు. సంచికి దారం గట్టిగా ఉందో లేదో లాగి చూసి, విమానంలో వాల్వులు విడిగా పట్టుకెళ్ళమనీ, అద్దం సామాననీ జాగ్రత్తలు చెప్పి, ట్యాక్సీ దాకా వచ్చాడు.

న్యూజెర్సీ వచ్చాక ఇక్కడి మెకానిక్ ఒకతను పెట్టె చూసి, ట్రాన్స్‌ఫార్మర్ ఎవరో చేత్తో చుట్టారన్నాడు. అది తీసేసి నూటపది వోల్టులది వేస్తే సుఖంగా ఉంటుందనీ, పెట్టె విలువ కూడా కొంత పెరుగుతుందనీ సలహా ఇచ్చాడు. వద్దన్నాను. దానికోసం వోల్టేజి పెంచే డబ్బా వేరే కొన్నాను, అది పెట్టె కంటే బరువు. దాంతో మా బేస్‌మెంట్‌లో ఒక మూల మాత్రం రెండువందల ముప్ఫై వోల్టుల మీద నడుస్తుంది.

మనవరాలు వైబర్‌లో అప్పుడప్పుడూ ఫోటోలు పంపేది. మేడ కూలగొట్టారు, వాళ్ళు ఊరి శివారుకి మారారు. ఒక ఫోటోలో ఆయన కొత్త బల్ల దగ్గర, ఎడమ చెయ్యి నడుం వెనక పెట్టుకుని. వెనక గోడకి మేకు, మేకుకి చీటీ కట్టిన కవరు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం తీసుకుంది, ఇంటర్నెట్ ఆపేశారు. తర్వాత ఆ నంబరు నుంచి ఏమీ రాలేదు. నేను పంపినవి చేరినట్టు గుర్తు కూడా పడలేదు.

ఆ రెండు మడత నోట్లూ పెట్టె వెనకే, ఆ రెండక్షరాల ముద్ర ఉన్న కాగితం పక్కన దోపి ఉన్నాయి. మొన్న మా అబ్బాయి వాల్వులు చూపించమంటే వెనక చెక్క విప్పాను. వాడు వాల్వుల కంటే ముందు నోట్లు చూశాడు. సంగతి విని, "ఇస్త్రీ చేస్తే సరిపోతుందిగా నాన్నా," అన్నాడు.

చేశాను. రెండుసార్లు. గీత పోలేదు.